పెంటకుప్ప మీద గునుగు

పొద్దుటి నుంచి లింగక్క వాకిలి ఊడవడం ఇది మూడోసారి. ఎండాకాలం అంకిస ఊళ్లో దుమ్ము లేని ఇల్లు ఉండదు. కానీ ఈ ఇంటి దుమ్ముకు మాత్రం ఆమె చేతకానితనమనే పేరు పడింది. "నీకు ఊడ్సుడు రాదే," అంటూ మొగుడు సమ్మయ్య మంచం పట్టె మీద వేలితో గీసి చూపించేవాడు. అత్త బతికున్నన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది: "మా కోడలి చేతుల సత్తువ లేదు. చీపురు నేలకు ఆనదు." ఎనిమిదేళ్లు విన్నాక లింగక్క కూడా నమ్మేసింది. నమ్మి, చీపుళ్లు మార్చుకుంటూ వచ్చింది.

ఆ ఎనిమిదేళ్ల కిందటే సమ్మయ్య ట్రాక్టరు తిరగడానికి అడ్డమని చేను గట్ల మీది ఇప్పచెట్లు కొట్టించాడు. ఆవులను అమ్మేశాడు. ఆమె గంపలతో చేనుకు మోసే పేడ ఆగిపోయింది. ఏటా మిరపే, ఏటా గడ్డిమందే. వైశాఖంలో గాలి లేస్తే చేను కూడా దాంతోపాటే లేచేది. ఇవన్నీ లింగక్క చూసింది. వాటికీ తన చీపురుకీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఊడ్చిన దుమ్మంతా పెరట్లో పెంటకుప్ప మీద పోస్తుంది. పోయిన వారం రెండు వానలు పడ్డాయి. ఇవాళ గంప ఒంపబోయి ఆగిపోయింది. కుప్ప నిండా గునుగు మొలకలు. ఒకప్పుడు బతుకమ్మకు ఒడి నిండా గునుగుపూలు కోసుకొచ్చింది తమ చేలోనే. అక్కడ అది మొలవక ఐదేళ్లయింది. లింగక్క కూర్చుని గుప్పెడు మట్టి తీసింది. ఒకప్పటి చేను మట్టిలా నల్లగా, మెత్తగా ఉంది. ఇన్నేళ్లూ తాను ఊడ్చి పారబోసింది తమ చేనునే. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ ముందు తన మీదే.

"ఏమే, ఏడున్నవ్?" అంటూ సమ్మయ్య కౌలు కాగితంతో వచ్చాడు. వాగు పక్క రెండెకరాల బీడు లింగక్కకు తండ్రి ఇచ్చింది. సాత్‌బారాలో, అంటే సర్కారు భూమి పత్రంలో, ఆమె పేరే ఉంది. "మిరప పెట్టేటోళ్లు కౌలుకు అడుగుతున్నరు, బయట నిలవడ్డరు. జర సంతకం పెట్టు."

"అండ్ల చెట్లున్నయి గద?"

"కొట్టేస్తరు. చెట్లుంటె మిరప ఎట్ల పెడ్తరు? ముందుగాల చెయ్యి కడుక్కో, కాయితానికి దుమ్మంటుతది."

లింగక్క చెయ్యి కడుక్కోలేదు. కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది.

"వాళ్లను పొమ్మను," అంది. "నాకు ఊడ్సుడు వచ్చు. నీకే దున్నుడు రాదు."