ఎవరూ అడగని లాప్‌టాప్

మా కోడలు లాప్‌టాప్ కొనుక్కొచ్చిన రోజు ఇంట్లో అందరూ బల్ల చుట్టూ చేరారు. అట్టపెట్టెలోంచి తీస్తే చిన్నది, బూడిద రంగుది. పక్క వీధిలో ఉండే మా అల్లుడు దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాడు. మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా అతను వచ్చి చూడాలి. చూసి పెదవి విరవాలి. అప్పటికి గాని అది కొన్నట్టు కాదు.

"ఇది లాప్‌టాపా, పలకా చెల్లెమ్మా?" అన్నాడు.

"తేలిగ్గా ఉంటుందనే తీసుకున్నాను అన్నయ్యగారూ."

"తేలిగ్గా ఉండక ఏం చేస్తుంది? లోపల ఏమన్నా ఉంటేగా! ఫ్యాను కూడా లేదు దీనికి."

"అయ్యో, మరి ఉక్కపొయ్యదూ?" అంది మా ఆవిడ.

అందరూ నవ్వారు. ఆవిడ నిజంగానే అడిగింది.

మా అబ్బాయి ఒక సినిమా పెట్టాడు. హీరో కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"వీడు కొట్టేలోపు అవతలివాడు ఇంటికెళ్లి అన్నం తినొస్తాడు" అన్నాడు అబ్బాయి.

మనవరాలు తన కార్ల ఆట పెట్టింది. అది తెరుచుకోనే లేదు. "అమ్మా, ఇది వేస్టే" అని మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

కోడలు మాత్రం వదల్లేదు. ఒకసారి చార్జింగ్ పెడితే సాయంత్రం దాకా వస్తుందంది. చప్పుడు లేదంది. మీటలు మెత్తగా ఉన్నాయి, ఎంతసేపు టైపు చేసినా వేళ్లు నొప్పి పుట్టవంది.

"స్క్రీన్‌లో వెలుతురేదమ్మా? కిటికీ దగ్గర కూర్చుంటే నీ మొహమే కనిపిస్తుంది" అన్నాడు అల్లుడు.

"తల దువ్వుకోవడానికి పనికొస్తుందిలే బావా" అన్నాడు మా అబ్బాయి. "అయినా వారంలోపు మార్చుకోవచ్చుగా. రేపు సాయంత్రం మనిద్దరం వెళ్లి పెద్దది తెద్దాం. ఇంకొంచెం వేసుకుంటే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది."

ఇంటిల్లిపాదికీ అనేసరికి కోడలి మొహం పాలిపోయింది. నేను చూశాను.

ఆమెకు ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఒకటి దొరికేలా ఉంది. ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగుల సంగతులు నోటితో చెప్పి రికార్డు చేస్తారట. అది విని, టైపు చేసి పంపాలి. ముందు ఒకటి చేసి చూపించాలి. నచ్చితే పని ఇస్తారు. ఇది రెండో అవకాశం. మొదటిసారి ఆమె దగ్గర టాబ్లెట్ ఉండేది. తన పని కోసమే కొనుక్కుంది. తీరా పంపాల్సిన పూట చూస్తే మనవరాలు బొమ్మల సినిమాలు చూసి చార్జింగంతా ఊడ్చేసింది. చార్జరేమో మా అబ్బాయి వెంట ఆఫీసుకు పోయింది. ఆ పనీ పోయింది. ఫోను కొనుక్కుంది గాని, మధ్యాహ్నమైతే అది మా ఆవిడ సీరియళ్లకు పోతుంది. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒక్కసారి ఇవ్వమ్మా అంటారు. ఆమె కాదనలేదు. ఆ ఒక్కసారి ఎప్పటికీ అయిపోదు.

ఈసారి పంపాల్సింది మర్నాడు సాయంత్రానికి.

తెల్లారాక కోడలు వరండాలో లాప్‌టాప్ ముందు దిగులుగా కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"దీన్నే ఎందుకు తీసుకున్నావమ్మా?"

ఆమె లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"పక్కనే మంచిది ఉంది మామయ్యా. షాపతను అదే తీసుకోమన్నాడు. దాంట్లో పాప ఆట పెట్టి చూశాను. గుర్రంలా పరిగెత్తింది. వద్దన్నాను. దీంట్లో పెట్టాను, తెరుచుకోలేదు. సినిమా పెట్టాను, నత్తలా నడిచింది. బిల్లు వెయ్యమన్నాను. అతను నావైపు అదోలా చూశాడు."

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వితే ఏమైందోనని ఇంట్లోవాళ్లంతా వచ్చి చూస్తారు. అందుకని మెల్లగా నవ్వాను.

"ఆ మాట వాళ్లతో చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? మీరెవరూ ముట్టుకోకూడదనే కొన్నానని చెప్పనా? అత్తయ్య అలిగి అన్నం మానేస్తారు."

అదీ నిజమే. నేను సైకిళ్లు బాగుచేసి బతికినవాణ్ని. షాపులో మంచి పానాలన్నీ ఇప్పుడే ఇస్తామని పట్టుకుపోయేవాళ్లు. వాటి మొహం మళ్లీ చూసేవాణ్ని కాదు. ఒక స్క్రూడ్రైవరు మాత్రం షాపు మూసేదాకా నా దగ్గరే ఉంది. దాని పిడి విరిగిపోయి గుడ్డ చుట్టి ఉండేది, కడ్డీ వంకర. నా చేతికి తప్ప ఎవరి చేతికీ లొంగేది కాదు. దాన్ని ఒక్కడూ అడగలేదు.

లేచి వెళ్లి నా పనిముట్ల పెట్టెలోంచి మొన తీసిన ఉక్కు మేకు తెచ్చాను. పానాల మీద నా గుర్తు దాంతోనే గీసేవాణ్ని. కోడలికి చూపించాను. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లాప్‌టాప్ ఆపేసి, మూసి, బోర్లించి నా ఒళ్లో పెట్టింది. కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.

"కొంచెం లోతుగా గీయండి మామయ్యా" అంది.

కోడలిది అని గీశాను. అక్షరాలు వంకరగా వచ్చినా పెద్దవిగా వచ్చాయి. ఆమె దాన్ని తీసుకుని గదిలోకి వెళ్లి పనికి కూర్చుంది.

సాయంత్రం అబ్బాయీ అల్లుడూ వచ్చారు. అప్పటికి కోడలు ఇంకా టైపు చేస్తూనే ఉంది. మా అబ్బాయి, "ఒక్క నిమిషం" అంటూ మోడల్ నంబరు కోసం దాన్ని ఎత్తి అడుగు చూశాడు.

"నాన్నా! ఏంటిది?"

"గుర్తు."

"ఇట్లా గీకితే షాపువాడు వెనక్కి తీసుకుంటాడా?"

"తీసుకోడు."

"మామయ్యగారూ, నెలకో మాట మాట్లాడే మనిషి, ఏకంగా రాతలోకి దిగారేంటండీ!" అన్నాడు అల్లుడు.

మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. "ఈయన అంతే. పెళ్లయిన కొత్తలో నా ట్రంకుపెట్టె మీదా ఇలాగే నా పేరు గీశారు. మా తోడికోడళ్లు, ఆడపడుచులు అందరూ నా బట్టలు తీసి కట్టేసుకునేవాళ్లు. ఈయన గీశాక ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు..."

అక్కడ ఆగిపోయింది. కోడలి వైపు చూసింది. కోడలు తల దించుకుంది.

"ఇంకా చూస్తావేంట్రా? ఇచ్చెయ్యి దాన్ని" అంది మా ఆవిడ కొడుకుతో. "పదండి బయటికి. అల్లుడుగారూ, మీరూ రండి. అమ్మాయి పని అమ్మాయిని చేసుకోనివ్వండి."

తలుపు కూడా ఆవిడే దగ్గరికి వేసింది. చీకటి పడకముందే కోడలు పని పంపించేసింది. వారం తిరక్కుండా రేపట్నించి మొదలుపెట్టమని కబురొచ్చింది. ఆ సంగతి ముందు నాకే చెప్పింది. నేను తలూపాను.

మొదటిరోజు మధ్యాహ్నం మా ఆవిడ ఆ గది ముందు అటూ ఇటూ తిరిగింది. చివరికి తలుపు సందులోంచి తల లోపలికి పెట్టింది.

"అమ్మాయీ, దీంట్లో సీరియల్ వస్తుందా?"

"వస్తుంది అత్తయ్యా. ఆగి ఆగి వస్తుంది."

మా ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఆగి ఆగి అయితే నాకెందుకులే" అని తలుపు మళ్లీ దగ్గరికి వేసి వచ్చేసింది.

నేను మెల్లగానే నవ్వాను. అయినా వచ్చి చూసింది.