గంట కొట్టనిదే కదలని బండి

ఆ వార్డులో ఆయాగా పనిచేసే ఆవిడని అందరూ వసపిట్ట అంటారు. ఊరికే రాలేదు ఆ పేరు. పక్కగుడ్డలు మారుస్తూ మాట్లాడుతుంది, బెడ్‌పాన్లు కడుగుతూ మాట్లాడుతుంది, ఎవరూ దొరక్కపోతే మందుల బండితోనైనా మాట్లాడుతుంది. ఆమెకి జంట పెద్దక్క అనే ఇంకో ఆయా. మంచానికి ఇటొకరు అటొకరు నిలబడి, రోగిని ఒక పక్కకి దొర్లించి, పాత దుప్పటి లాగేసి కొత్తది పరుస్తారు. ఆ పని చేస్తున్నంతసేపూ రోగి మీదుగా కష్టసుఖాలు చెప్పుకుంటారు. అక్కడ తేలినన్ని అత్తాకోడళ్ళ తగాదాలు ఏ కోర్టులోనూ తేలి ఉండవు.

ఇలా సాఫీగా సాగుతుండగా మూల మంచానికి పెద్దాయన వచ్చారు. పక్షవాతం. కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. మిగిలిందల్లా ఎడమచెయ్యి. వీళ్ళు కిటికీ వైపు దొర్లించబోతే చాలు, ఆ చెయ్యి మంచం కమ్మీని పట్టేసేది. మామూలు పట్టు కాదు, ఉడుంపట్టు. వేళ్ళు విడదీయబోతే, ఒకరోజు పొద్దున కమ్మీకి బదులు వసపిట్ట మణికట్టు దొరికింది. వదిలించుకునేసరికి ఎర్రగా కందిపోయింది.

నర్సమ్మ వచ్చి చూసింది. ఆవిడేం రాక్షసి కాదు.

"తుంటి మీద చర్మం ఎర్రబడింది. పక్కకి తిప్పకపోతే పుండు పడుతుంది, ఈ వయసులో పడితే ఒక పట్టాన మానదు. సాయంత్రం కూడా ఇలాగే చేస్తే ఆ చెయ్యి కట్టేయక తప్పదు. నాకు మాత్రం ఇష్టమా?" అని మెత్తటి కట్టుగుడ్డ చుట్ట ఒకటి వసపిట్ట చేతిలో పెట్టింది.

వసపిట్ట దాన్ని జేబులో పెట్టుకుంది గానీ మనసు మనసులో లేదు. ఆ మనిషికి ఉన్నదే ఒక్క చెయ్యి. దాన్నీ కట్టేస్తే ఇంకేం మిగిలినట్టు? మణికట్టు మంటకన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది.

మధ్యాహ్నం, చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళకి, పెద్దాయన భార్య వచ్చింది. భర్త తల దువ్వుతూ, వసపిట్ట జేబులోంచి తొంగిచూస్తున్న కట్టుగుడ్డని చూసి, "అది ఎవరికమ్మా?" అంది.

వసపిట్టకి దాచడం చేతకాలేదు. చెప్పేసింది.

ఆవిడ ఏడవలేదు, కేకలూ వెయ్యలేదు. దువ్వెన పక్కన పెట్టి, "తిప్పేముందు ఆయనకి చెప్తున్నారా?" అని అడిగింది.

"చెప్పకుండా ఎలా తిప్పుతామమ్మా," అనేసి వసపిట్ట నాలుక కరుచుకుంది. పొద్దున ఏం మాట్లాడారో గుర్తొచ్చింది. పెద్దక్క ఇంట్లో కుళాయి కారడం. తన అత్త అలిగి అన్నం మానెయ్యడం. ఆఖరికి "ఊఁ, పట్టు" అన్నది కూడా పెద్దక్కతోనే. తెల్లారి లేస్తే నోరు మూయని మనిషి, ఇన్నాళ్ళూ ఆయనతో ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడలేదు.

"ఆయన బస్సు నడిపేవారు," అంది భార్య. "కండక్టర్ రెండు గంటలు కొడితే కదలాలి, ఒక్క గంట కొడితే ఆగాలి. గంట లేకుండా బండి అంగుళం కదిపేవారు కాదు. ఓసారి పైఆఫీసరెవరో ఎక్కి 'పోనివ్వవయ్యా' అన్నాడట. 'వెనక ఎవరు కాలు పెట్టారో మీకు తెలుసా సార్, కూర్చోండి' అన్నారట. అలాంటి మనిషిని చెప్పాపెట్టకుండా దొర్లిస్తే, పడిపోతున్నాననుకోరూ?"

సాయంత్రం దుప్పటి మార్చే వేళకి నర్సమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. వసపిట్ట తిన్నగా మంచం దగ్గరికి పోలేదు. స్టూలు లాక్కుని, ఆయన కళ్ళకి ఎదురుగా కూర్చుంది.

"అయ్యా, నేనిక్కడ ఆయాని. ఇన్నిరోజులూ మీకు చెప్పకుండానే మిమ్మల్ని తిప్పాం. తప్పు మాదే. ఇప్పుడు కిటికీ వైపు తిప్పుతాం. అటు పెద్దక్క కాచుకుంటుంది, ఇటు నేను వీపు పట్టుకుంటాను, పడరు. కదలమంటే కమ్మీ మీద రెండుసార్లు తట్టండి. ఆగమంటే ఒక్కసారి. మీరు తట్టేదాకా మేం చెయ్యి వెయ్యం."

అని నోరు మూసుకుంది. అంత కష్టమైన పని ఆ ఉద్యోగంలో ఆమె ఎన్నడూ చెయ్యలేదు. పెద్దక్క ఏదో అనబోతే కళ్ళతోనే ఆపింది. పెద్దాయన ఆమెని చూశారు, గుమ్మంలో నర్సమ్మని చూశారు, మళ్ళీ ఆమెని చూశారు. కమ్మీని పట్టుకున్న వేళ్ళు మెల్లగా విడివడ్డాయి.

టక్. కాసేపాగి, టక్.

ఇద్దరూ నెమ్మదిగా తిప్పారు. సగం తిరిగాక మళ్ళీ ఒక్క టక్. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పెద్దక్క వంగి చూస్తే, చచ్చుబడిన కుడిచెయ్యి ఒంటి కింద నలుగుతోంది. రోజూ అలాగే నలిగి ఉంటుంది, చెప్పడానికి ఆయనకి దారేదీ? పెద్దక్క ఆ చేతిని మెల్లగా ముందుకి లాగి దిండు మీద పెట్టింది. అప్పుడు గబగబా రెండు టక్‌లు వినిపించాయి.

"ఆ గుడ్డ ఇటివ్వు, ఇంకెవరికైనా కట్టు కడతాం," అంది నర్సమ్మ. కట్టుగుడ్డ తీసుకుని, పోతూ పోతూ పెద్దాయన దుప్పటి సర్దింది. వసపిట్ట స్టూలు మీద కూర్చుంది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ముందు దేన్ని తుడుచుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున వసపిట్ట మళ్ళీ వసపిట్టే. పక్క మంచం తాతగారి దగ్గర నిలబడి, నిన్నటి ముచ్చటంతా పెద్దక్కకి మొదటినుంచీ చెప్పుకొస్తోంది. "...మనిషితో చెప్పి చెయ్యాలక్కా, చెప్పి చేస్తే ఎవరు కాదంటారు?" అంటూ తాతగారి భుజం కింద చెయ్యి వేసి ఎత్తబోయింది.

మూల మంచం మీంచి వినిపించింది. టక్.

చేతులు అక్కడే ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే పెద్దాయన పైకప్పు వైపు చూస్తున్నారు, తనకేం తెలియనట్టు. ఎడమవైపు పెదవి మాత్రం కొంచెం పైకి లేచి ఉంది.

వసపిట్ట చెయ్యి తీసేసి తాతగారి ముఖంలోకి వంగింది. "తాతగారూ, దుప్పటి మార్చాలి. మిమ్మల్ని కాస్త ఇటు తిప్పనా?"

తాతగారు ఆశ్చర్యంగా చూసి, "ఊఁ, తిప్పమ్మా," అన్నారు.

మూలనుంచి రెండుసార్లు వినిపించింది. టక్, టక్.