పక్కింటి సమ్మతి

ఈ కుర్చీలు తయారు చేసినవాడికి అసలు నడుమనేది ఉందో లేదో, ఉంటే ఇలా చేసి ఉండడు, అనుకుంటూ సోఫాలావిడ అటూ ఇటూ సర్దుకుంటోంది, ముందు వరసలో లేచి నిలబడిన హోటలాయన అభివృద్ధి అన్న మాటను పట్టుకుని వదలడం లేదు, కట్టడాల అనుమతుల చట్టం మారుస్తారట, దానికి వ్యాపారుల అభిప్రాయం కావాలని ఆఫీసరు ఈ హాల్లో మీటింగు పెట్టాడు, ఆమెకున్నది ఒకటే అభిప్రాయం, పక్కింటివాళ్ల సమ్మతి ఉండాలన్న షరతు పీకి పారేయండి, అంతే, వర్క్‌షాపు మీద ఇంకో అంతస్తు పడితే ఇంకో పదిమందికి పని దొరుకుతుంది, ఇప్పుడు పనివాళ్లు మెట్ల మీద కూర్చుని కుడుతున్నారు, పైకి వెళ్లాలంటే సగం కుట్టిన సోఫా ఎక్కి దిగాలి, ఇంతకీ అడ్డుపడుతున్నది ప్రభుత్వమా, బ్యాంకా, కాదు, సాక్షాత్తూ సొంత తోడికోడలు, పక్కిల్లు దానిదే, మరిదిది ఓడ మీద ఉద్యోగం, ఇంట్లో అది ఒక్కతే, అత్తగారి కుట్టుమిషను ఎవరికి దక్కాలన్న గొడవలో మాటలు ఆగిపోయి ఏళ్లయింది, అలాంటి మనిషి గుమ్మం తొక్కి సంతకం పెట్టవే అని అడగాల్సి వచ్చింది, మొహం చిన్నబుచ్చుకుని వెళితే, నా బట్టలు ఎక్కడ ఆరేసుకోను అక్కా అంది, సరేనని ఇంజినీరు చేత గోడ వెనక్కి జరిపిస్తే, గాలి ఆడదక్కా అంది, కిటికీలు మార్పిస్తే, మరి నా పిల్లి, అంది, పిల్లి ఆ పిట్టగోడ మీంచే ఇంటికొస్తుందట, మేడ లేస్తే దారి తప్పుతుందట, పిల్లి కోసం మెట్టు గీయమంటే ఇంజినీరు పెన్సిలు కింద పెట్టి, అమ్మా, నేను కట్టేది మేడా, మడతమంచమా అన్నాడు, పోయిన బుధవారం ఏమంది, గోడకి ఏ రంగేస్తావో అంది, ఏ రంగు కావాలే తల్లీ అంటే, ఆలోచించుకోవాలి, వచ్చే వారం రా అక్కా అంది.

చప్పట్లు, కోల్డ్ స్టోరేజీ ఆయన సమ్మతి ఎత్తేస్తే వృద్ధి పరుగులు పెడుతుంది సార్ అన్నాడు, ఆమే అందరికంటే గట్టిగా కొట్టింది, ఇక ఆ గుమ్మం తొక్కక్కర్లేదు, ఆ టీ తాగక్కర్లేదు, మొదట్లో అల్లం దంచి పోసేది, ఆ మధ్య తగ్గించింది, ఘాటెక్కువైందని నీ మొహం చూసి తెలుసుకున్నాలే అక్కా అంది, ఆవేళ సంతకం మాట ఇద్దరూ ఎత్తనే లేదు, అత్తగారు తన గురకకి తనే ఉలిక్కిపడి లేచి ఎవరది అని అరిచేదని తలుచుకుని పొట్ట పట్టుకుని నవ్వారు, చీకటి పడ్డాక గానీ లేవలేదు, ఈలోగా మైకు ఆమె చేతిలోకి వచ్చేసింది, నేర్చుకొచ్చిన ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు, పక్కింటావిడ సంతకం పెట్టట్లేదు సార్ అనేసింది, ఏమిటమ్మా ఆవిడ అభ్యంతరం అన్నాడు ఆఫీసరు, రంగు సార్, ఏ రంగు, వచ్చే వారం చెబుతానంది, అంతకుముందు, పిల్లి సార్, దానికి ముందు గాలి, మొట్టమొదట బట్టలారడానికి ఎండ, హాలు హాలంతా గొల్లుమంది, ఆఫీసరు నవ్వాపుకుని, ఎండ తీరిస్తే గాలి, గాలి తీరిస్తే పిల్లి, ఇంతకీ ఆవిడకి కావలసిందేమిటమ్మా అన్నాడు.

హోటలాయన నవ్వుతూనే ఉన్నాడు, ఆమెకి మాత్రం నవ్వు రాలేదు, మీ ఆఫీసులో నా మేడ ఫైలు మూలన పడకుండా చూడండి సార్, పక్కింటి సంగతి నేను చూసుకుంటాను అని మైకు ఇచ్చేసి కూర్చుంది, చెప్పిందేమిటో తనకే అప్పుడు వినపడింది, మేడంటే దానికి ఏ కష్టమూ లేదు, సంతకం పెట్టేస్తే అక్క మళ్లీ రాదని భయం, ఆ పిచ్చిదానికి.