పెళ్లిరోజున పొగ డ్రమ్ము

పెద్దవంగరలో గేట్లు, కిటికీలు వెల్డింగ్ చేసే సంపత్‌కి వంట రాదు. వచ్చని నమ్మడానికి మాత్రం ఫోన్‌లో చూసిన ఒక్క వీడియో చాలింది. ఎవరో గడ్డపాయన పంది పక్కటెముకల్ని ఇనుప డ్రమ్ములో పెట్టి ఆరు గంటలు పొగ పెట్టాడు. బయటికి తీసి పట్టుకుంటే మాంసం ఎముక నుంచి దానంతటదే జారిపోయింది. సంపత్ ఆ ముక్క దగ్గర వీడియో ఆపి నాలుగుసార్లు చూశాడు.

ఆ ఏడు పెళ్లిరోజు ఆదివారం వచ్చింది. "ఆనాడు నువ్వు పొయ్యి ముట్టియ్యద్దు. వంట మొత్తం నాదే" అని భార్యకు మాటిచ్చేశాడు. చర్చి నుంచి వచ్చీ రాగానే చీరైనా మార్చుకోకుండా పదిహేనేళ్లుగా పొయ్యి దగ్గరికి నడిచిన రాణి, "ఖాయమేనా?" అని మూడుసార్లు అడిగింది. రఘునాథపల్లి నుంచి వాళ్లమ్మ పుష్పమ్మను కూడా భోజనానికి పిలిచింది.

సంపత్ కొత్త డ్రమ్ము కోసి తలుపు పెట్టాడు, లోపల చువ్వలు అమర్చాడు, పైన గొట్టం బిగించాడు. డబ్బులిచ్చి చేయించుకున్నవాళ్ల గేట్లకు కూడా అంత నునుపు రాలేదు. ఆదివారం పొద్దున్నే పక్కటెముకలకు అల్లం, వెల్లుల్లి, కారం పట్టించి, పెరట్లో మామిడికొమ్మలు నాలుగు నరికి కింద రాజేశాడు.

పొగ వచ్చింది. గొట్టంలోంచి, తలుపు సందుల్లోంచి, ఎక్కడ పడితే అక్కడినుంచి తెల్లగా దట్టంగా వచ్చి వాడంతా కమ్మేసింది. పక్కింటి వాల్యా అది చూసి మోటరు వేసి, పైపు పట్టుకొని గోడెక్కాడు.

"సంపతన్నా, పరేషాన్ గాకు! నేనున్న!"

"వాల్యా, నీళ్లు బంజెయ్! కాలేది ఇల్లు గాదు, కూర!"

వాల్యాకు ఆ మాట అందేసరికి డ్రమ్ము చుయ్యిమని చల్లారిపోయింది. పుష్పమ్మ ఆకలితో గేటు తోసుకొని లోపలికి వచ్చింది సరిగ్గా అప్పుడే.

తలుపు తెరిచి చూస్తే మాంసం పైన మసి, లోపల పచ్చి. సంపత్ మెల్లగా భార్య దగ్గరికి వెళ్లాడు. రాణి మంచం మీద కాళ్లు చాపుకొని పల్లీలు తింటోంది.

"రాణీ, జర కుక్కర్ల ఏసి కూర లెక్క చేస్తవా?"

"నేను పొయ్యి ముట్టియ్య. నువ్వే చెప్పినవ్ గద."

పుష్పమ్మకు నవ్వాగలేదు. ఒక కొమ్మ అందుకొని విరవబోయింది. అది వంగింది గానీ విరగలేదు.

"పచ్చి కట్టెతోని పొగ పెడితే దోమలు పోతయ్ అల్లుడా, కూర ఉడకది. మా బాపు పొయ్యి మీద దండెం కట్టి తునకలు ఆరేస్తుండె. ఎండిన చింతకట్టె నిప్పులు, సన్న పొగ, గంతే."

చింతకట్టెలు వాల్యా ఇంట్లో ఉన్నాయి. చేసిన పనికి సిగ్గుపడి మోపు మోసుకొచ్చాడు. పుష్పమ్మ కుర్చీ వేసుకొని కూర్చుంది. "మంట లేపకు. తలుపు తియ్యకు. ఊకె చూస్తే ఉడుకుతదా?" అంటూ అల్లుణ్ని ఆడించింది. సంపత్ నిప్పులు సరిచేస్తూ, కళ్లు తుడుచుకుంటూ, మధ్యలో అన్నం కూడా వండాడు. పొద్దుగూకేవేళకు పక్కటెముకలు ఎర్రగా, నిగనిగలాడుతూ బయటికొచ్చాయి. వీడియోలోలా జారిపోలేదు గానీ, ఆ వాసనకు వాల్యా మాత్రం డ్రమ్ము పక్కనుంచి కదల్లేదు.

రాణి అందరికంటే ముందు కూర్చుంది. మొదటి ముక్క తిని ఎముక పక్కన పెట్టింది. రెండోది తిని వేళ్లు నాకింది. "ఇంకో బొక్క ఎయ్యి" అంది. సంపత్ వేశాడు. పుష్పమ్మ అడిగితే వేశాడు, వాల్యా అడక్కముందే వేశాడు.

చివరికి తను కంచం ముందు కూర్చొని గిన్నెలో గరిటె పెడితే, అడుగున ఖణేల్‌మంది.

"అందరు తిన్నరు గని నాకేం లేదేందే?" అన్నాడు.

"వండినోళ్లకు గంతే" అంది రాణి, ఉల్లిగడ్డ ముక్క, నిమ్మబద్ద అతని కంచంలో పెడుతూ. సంపత్ అన్నంలో నిమ్మరసం పిండుకున్నాడు. మసి అంటిన చేత్తోనే కలుపుకొని తిన్నాడు.