తోయో అత్తను అత్తారింటికి పంపిన రోజు

తోయో అత్త చావుకు ముందు చెప్పింది ఒకే మాట. "నా దండలు కాల్చెయ్యవే. దాచుకున్నావంటే ఊరుకోను."

ఫుకుయే తలూపింది. కాల్చలేకపోయింది.

ఇజు తీరంలో వాళ్ళ ఊరు చేపల ఊరు. రాజూ రాణీ బొమ్మల్ని మెట్లమీద పేర్చి బాలికల పండగ చేసే స్తోమతు అక్కడ పడవ యజమానులకే ఉండేది. మిగతావాళ్ళు పాతగుడ్డ ముక్కలతో కోతులూ, కుందేళ్ళూ, మిరపకాయలూ కుట్టి, ఎర్రదారానికి గుచ్చి, దూలానికి వేలాడదీసేవాళ్ళు. కోతి కష్టాన్ని మోసుకుపోతుందని, మిరపకాయ పిల్లకు చీడ పట్టనివ్వదని నమ్మకం. ఆ పిల్ల అత్తారింటికి వెళ్ళిన ఏడాది, జనవరి నడుమ సముద్రపొడ్డున వేసే మంటలో దండల్ని వేసేయాలి. తోయో పెళ్ళి చేసుకోలేదు. ఎండుచేపల షెడ్డులో కత్తి పట్టి, తమ్ముడి కూతురు, తల్లి లేని ఫుకుయేను పెంచింది. అందుకే ఊళ్ళో అందరి దండలూ బూడిదైనా ఆమెవి ఎనభై రెండేళ్ళు మిగిలాయి.

అత్త పోయిన శరదృతువులోనే పెద్ద విడిదిల్లు నడిపే మిసావో గారు వచ్చింది. హాల్లో పెడతాం, పదిమందీ చూస్తారు అంది. ఫుకుయే పెట్టె ఎత్తి ఇచ్చేసింది. కాల్చమంది గానీ ఇవ్వొద్దనలేదుగా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. తప్పించుకోవాలనుకునే మనిషికి సాకులకు కొదవా?

మంట రోజు పొద్దున, షెడ్డుకు వెళ్తూ ఒకసారి చూసిపోదామని విడిదింట్లోకి తొంగిచూసింది. దండలు వేలాడుతున్నాయి. అన్నీ మెరిసిపోతున్నాయి. కింద బోర్డు: "సంపన్న గృహాల పట్టు వేడుక".

"రండి ఫుకుయే గారూ! ఎంత కళగా ఉందో చూశారా?" మిసావో ఎదురొచ్చింది. "ఆ మాసిపోయిన నీలం కోతుల్నీ, వెలిసిన మిరపకాయల్నీ తీయించేశాను. పట్టువి కొని కుట్టించాం. వచ్చేవాళ్ళకు బాగోవు కదండీ."

ఆ నీలం గుడ్డ అత్త తల్లి పనిలాగుది. మోకాళ్ళ దగ్గర చిరిగితే, చిరగని చోట కత్తిరించి కుట్టింది. మిరపకాయల ఎరుపు, వల నిండిన రోజు పడవ ఎగరేసే జెండాది.

"తీసినవి ఏవీ?"

"చెత్తలో ఉన్నాయేమో. ఎందుకూ?"

ఫుకుయే వెనక్కు వెళ్ళి చెత్తసంచి బోర్లించింది. తేయాకు పిప్పిలోంచి పదకొండు కోతులు, నాలుగు మిరపకాయలు ఏరుకుంది. తిరిగొచ్చి, బల్ల ఎక్కి దండలు విప్పడం మొదలెట్టింది.

"అయ్యో, ఇదేంటండీ! ఇచ్చేశారు కదా!"

"ఇచ్చాను. బుద్ధి గడ్డి తిని ఇచ్చాను. మీ పట్టు కోతులు మీరుంచుకోండి. ఆ బోర్డు కూడా మార్చండి. ఇవి కుట్టినవాళ్ళ ఒంటిమీద పట్టెప్పుడైనా చూశారా మీరు?"

సముద్రపొడ్డున మంట అప్పటికే అంటుకుంది. కొత్త సంవత్సరానికి గుమ్మాలకు కట్టిన గడ్డితాళ్ళు చిటపటమంటున్నాయి. జనం కొమ్మలకు బియ్యప్పిండి ఉండలు గుచ్చుకుని కాల్చుకోవడానికి నిలబడ్డారు. అత్తతో షెడ్డులో కలిసి పనిచేసిన కినుయో ముసలమ్మ ఫుకుయే చేతిలో పెట్టె చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఓసి నీ! తోయో పెళ్ళా ఇవాళ? ఎనభై రెండేళ్ళకు! ఆ మొగుడెవడో గానీ, దాని నోటికి మూడు రోజులు ఆగడే పాపం!"

అందరూ నవ్వారు. ఫుకుయే కూడా నవ్వింది. నవ్వుతూనే దండలు ఒక్కొక్కటే మంటలో వేసింది. చివరికి చేతిలో ఒక కోతి మిగిలింది. పిడికిలి బిగిసింది.

"ఇదొక్కటీ ఉంచుకుంటానే కినుయోమ్మా."

"కష్టాన్ని మోసుకుపోవాల్సిన కోతిని పట్టుకుని ఆపుతావా? అదింక ఎంతకాలం మొయ్యాలే? పోనీవే, తల్లీ."

వేసేసింది. పనిలాగు గుడ్డ గట్టిది, త్వరగా అంటుకోలేదు. కొమ్మలు పట్టుకున్నవాళ్ళెవరూ ముందుకు రాలేదు. అది పూర్తిగా కాలేదాకా, ఆకలితో ఉన్న పిల్లలు కూడా, ఊరకే నిలబడ్డారు.

తర్వాత కినుయో ఒక ఉండ కాల్చి ఫుకుయే చేతిలో పెట్టింది.

"తిను. పెళ్ళి భోజనం."

మసి అంటిన ఉండ. ఫుకుయే మసితోనే తినేసింది.