నాగమల్లి డబ్బా

“మడి మానేయాల సామీ” అని హజరాబీ అన్నట్టు వినిపించగానే పద్మనాభయ్య కూర్చున్న పీట మీంచి దిగ్గున లేచాడు.

ప్రొద్దుటూరు చెన్నకేశవుడి గుళ్లో ముప్ఫై ఏళ్లు గంట కొట్టీ కొట్టీ ఆయన కుడిచెవి సగానికి సగం దేవుడికే నైవేద్యమైపోయింది. మిగిలిన సగంతో విన్నది ఇదీ! జమ్మలమడుగు మార్కెట్టు వెనక సందులో ఆకుమందులు నూరే సాయిబుల ముసలమ్మ, అర్చకుడైన తనను మడి మానేయమంటోంది.

“ఏందమ్మా నువ్వనేది? మడి మానేస్తే దేవుణ్ణి ఎట్ల తాకేది? మందడిగితే మతం మాటెందుకు?”

“యా అల్లా! మడి కాదు సామీ, తడి, తడి! తడిగుడ్డ కట్టొద్దంటాండా!”

పక్కన వేర్లు కడుగుతున్న ఆమె కోడలు సాజిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పద్మనాభయ్య మళ్లీ కూర్చున్నాడు. మనిషి కూర్చున్నాడే గానీ మనసు నిలబడే ఉంది. ఎందుకంటే ఆయన బతుకులో ఆ రెండూ వేరుకావు. తెల్లవారకముందే స్నానం, పిండీ పిండని పంచె, ఆ పంచె ఒంటిమీదే ఆరాలి. అది ఆరేసరికి సాయంత్రం పూజకు మళ్లీ తడపాలి. తడి లేని మడి ఆయన తండ్రి ఎరగడు, తాత ఎరగడు.

ఆ తడే నడుం చుట్టూ బిళ్లలు బిళ్లలుగా తామర పూయించింది. ‘పద్మనాభుడికి బొడ్డులో తామర పుట్టడంలో వింతేముంది’ అని భార్య ఇందుమతి దగ్గర ఆయనే జోకేసేవాడు. గోక్కుంటూ వేసే జోకుకు ఎవరు నవ్వుతారు? ఆమె నవ్వేది కాదు. వీపు మీద చెయ్యి అందని చోట తానే గోకి, చేతులు కడుక్కొచ్చేది.

నడుముదేముంది, ఉత్తరీయం కప్పుకుంటే కనపడదు. కుడిచేతి గోళ్లను దేంతో కప్పాలి? మూడు గోళ్లు పసుపుపచ్చగా పిప్పిపట్టి, అంచులు పెచ్చులూడుతున్నాయి. వేళ్ల సందులు తెల్లగా నాని ఉన్నాయి. ఆ వేళ్లతోనే ఉద్ధరిణె పట్టుకుని తీర్థమివ్వాలి. గుడి ధర్మకర్త ఆదినారాయణ ఆ మధ్య మండపంలో అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, మొహమాటం లేకుండా చెప్పేశాడు.

“సామీ, నీ గోళ్లు చూసి మా కోడలు తీర్థం తాగకుండా కొంగుకు తుడుచుకునింది. నేనేం చెప్పాల ఆ పిల్లకు? తిరునాళ్లకు ఇంకా నెలన్నర ఉండాది. అప్పటికి చెయ్యి బాగైతే సరే. ల్యాకపోతే మైదుకూరు నుంచి ఇంకో అయ్యవారిని పిలిపిస్తా. నన్ను తిట్టుకోవద్దు.”

తిట్టుకునేదేముంది? మూడు తరాల గుడి, మూడు గోళ్ల మీద వేలాడుతోంది.

హజరాబీ రేకు డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. నాగమల్లి వేరు, తగిరిస గింజలు నిమ్మరసంతో నూరి, కానుగనూనెలో కాచి, మైనంతో గట్టిపరిచిన ముదురాకుపచ్చ ముద్ద. వాసన కొడితే మనిషి కాదు, జబ్బే లేచిపోవాలి అన్నట్టుంది.

“నలభై దినాలు రాయాల. చర్మం ఆరి ఉండాల. గోళ్లకైతే ఆరేడు నెలలు పడ్తాది, అంతలోపల నీకు బాగైపోయిందని ఎవురన్నా చెప్తే నమ్మొద్దు. తడిమింద రాస్తే నా మందు కూడా ఏం చెయ్యలేదు సామీ, ముందే చెప్తాండా. ఈసారి సరిగ్గా ఇన్నావా?”

“విన్నానమ్మా.”

విన్నాడు. మర్నాడు తెల్లారి అలవాటుగా పంచె తడిపి, కట్టుకుని, దానికింద మందు రాసుకున్నాడు. ఆమె చెప్పింది గుర్తులేక కాదు. పొడిపంచెతో గర్భగుడి గడప దాటితే కాళ్లు తనవి కానట్టు అనిపిస్తుంది. నలభై రోజులంటే నలభై అపచారాలు. ఇరవై రోజులు ముద్ద రాశాడు, ఇరవై రోజులూ నీళ్లు కడిగేశాయి. తామర వీపు మీదికి పాకింది.

ఆ తర్వాత ఒకరోజు ‘పెళ్లి సంబంధం మాట్లాడాలి’ అని ఇంట్లో చెప్పి పులివెందుల బస్సెక్కాడు. ప్రొద్దుటూరులో ఏ మందులషాపు మెట్లెక్కినా నలుగురు భక్తులు దండం పెడతారు. పులివెందులలో దండం పెట్టేవాళ్లెవరూ లేరు. షాపాయన తల ఎత్తకుండానే “దురదకా?” అని ట్యూబు ఒకటి కౌంటరు మీదికి తోశాడు. “శానామంది తీసకపోతాండారు. రెండు దినాల్లో దురద ఉండదు.”

ఇక్కడే పద్మనాభయ్య బుర్ర పద్ధతి తప్పకుండానే దారి తప్పింది. ట్యూబులో ఏ జంతువు కొవ్వుందో, ఎవరు చేశారో, దాన్ని రాసుకున్న చేత్తో స్వామిని తాకడమెట్లా? ఆకుమందైతే అడవిది, దానికి అంటు లేదు. అందుకని ట్యూబు మొత్తం హజరాబీ డబ్బాలో పిండి, తులసిపుల్లతో బాగా కలిపాడు. తెలుపు పచ్చలో కలిసిపోయింది. పైకి ఆకుమందే. దేవుడి కంట్లోనూ, ఇందుమతి కంట్లోనూ పచ్చగానే ఉంది.

ఎనిమిది రోజుల్లో ఎర్రదనం పోయింది. దురద చచ్చింది. వేళ్ల సందులు ఆరిపోయాయి. గోళ్లను మొదటికంటా తీసేసి గోరింటాకు పెట్టుకున్నాడు. గోళ్ల సంగతి గోరింటాకు చూసుకుంది. పులివెందుల ఇంకో రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఇంతకీ ఆ సంబంధం ఎవరికండీ అని ఇందుమతి అడిగితే కుదరలేదులే అన్నాడు.

తిరునాళ్లలో ఆదినారాయణ ఆయన చెయ్యి పట్టుకుని వెలుతుర్లోకి తిప్పి చూశాడు.

“ఏం మందు సామీ ఇది? అమృతమా?”

“జమ్మలమడుగు హజరాబీ ఇచ్చింది. ఆకుమందు.”

“అయితే నాక్కూడా రవ్వంత పెట్టప్పా. కాలవ కింద నా మళ్లల్లో నీళ్లు, నీ మళ్లో నీళ్లు. నీ ఏళ్లు పాచిపోతే నా కాలేళ్లు పాచిపోవా? అసలే షుగరు. పుండు పడి శానా దినాలైంది.”

వరిమడిలో నిలబడేవాడు ఒకరు, దేవుడి మడిలో నిలబడేవాడు ఒకరు. ఆదినారాయణ తీర్థానికి చాపినట్టే చెయ్యి చాపాడు. పద్మనాభయ్యకు నిజం ఒక్క క్షణం నాలుక చివరిదాకా వచ్చింది. ఇందులో ఇంకోటి కలిసిందని చెప్పాలి. చెబితే ట్యూబు చెప్పాలి, ట్యూబు చెబితే పులివెందుల చెప్పాలి, పులివెందుల చెబితే ఆ చేత్తో స్వామిని తాకానని చెప్పాలి. ఎదురుగా మండపం నిండా జనం. డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాడు. రెండు వారాలకు ఇంకో డబ్బా కావాలని కబురొస్తే, హజరాబీ దగ్గర కొత్తది తెచ్చి, అదీ కలిపి పంపాడు.

పుండు మొదట మానినట్టు మూసుకుంది. పైన మూసుకుని లోపల తెరుచుకుంది. ఆదినారాయణకు నొప్పి తెలియలేదు, షుగరున్న కాలికి నొప్పి త్వరగా తెలియదు. తెలిసేసరికి పాదం నల్లబడింది. కడపలో ఒక ఆసుపత్రిలో మొదట రెండు వేళ్లు తీశారు. వారానికి చీలమండ దాకా తీశారు. ఆ తర్వాత మోకాలి కింద దాకా. మెట్లు మెట్లుగా, మనిషిని మడిచినట్టు.

డబ్బాలోది పరీక్ష చేయించిన డాక్టరు ఆదినారాయణ కొడుకు నాగేంద్రతో, “ఈ ఆకుపసరులో ఎవరో స్టెరాయిడు క్రీము కలిపారు. పైకి మాన్పుతుంది, లోపల చీము పెంచుతుంది. షుగరు మనిషికి పుండు మీద ఎవరైనా పెడతారా?” అన్నాడట.

మర్నాడు పొద్దున పూజ అవుతుండగానే రెండు జీపులు గుడి ముందు ఆగాయి.

“సామీ, ఎక్కు. జమ్మలమడుగు పోతాండాం. ఆ ముసల్దాని ఇల్లు నువ్వే చూపించాల.”

“నాగేంద్రా, నా మాట విను...”

“ఆడికి పోయినాక ఇందాం. ఎక్కు.”

కట్టుకున్న తడిపంచెతోనే ఎక్కాడు. జమ్మలమడుగు వచ్చేదాకా ఆయన నోట్లో మాట తిరుగుతూనే ఉంది, బయటికి మాత్రం రాలేదు.

హజరాబీ మందు నూరే కల్వం ముందు కూర్చుని ఉంది. నాగేంద్ర మనిషొకడు కల్వాన్ని కాలితో తన్నాడు. ఇంకొకడు పొయ్యి మీది కానుగనూనె బాండీ వంచేశాడు. నూనె సందులోకి పారింది. సాజిదా అరుస్తూ బయటికొచ్చింది, చుట్టుపక్కల వాళ్లందరూ వచ్చారు.

“మా నాయన కాలు తీసేసినారు ముసల్దానా! మందులో ఏం కలిపినావు? చెప్పు! పోలీసులొచ్చేలోపల నువ్వే చెప్పు!”

“నేనేం కలపలేదప్పా. ఏర్లు, గింజలు, నూనె, మైనం. ముప్పయ్యేండ్ల నుంచి అదే.”

నాగేంద్ర డబ్బాను పద్మనాభయ్య ముఖం ముందు పెట్టాడు. “సామీ, నువ్వే చెప్పు. ఈ డబ్బా ఈమె ఇచ్చిందేనా, కాదా?”

“డబ్బా ఈమెదే” అన్నాడు పద్మనాభయ్య.

అబద్ధం కాదు. రేకు ఆమెదే. ఆ మాట అన్న మరుక్షణమే ఒకడు హజరాబీ మీద చెయ్యెత్తాడు. సాజిదా అడ్డం పడింది. దెబ్బ ఆమె చెంప మీద పడింది.

హజరాబీ కోడలి వైపు చూసింది. తర్వాత డబ్బా అందుకుని ముద్దను మునివేలితో తీసి, వాసన చూసి, ముంజేతి మీద రుద్దింది.

“నా మందు మూడు దినాలు కడిగినా కంపు పోదు. ఇది సబ్బు వాసనొస్తాంది.” పద్మనాభయ్య వైపు తిరిగింది. “సామీ, తడి మానేసినావా?”

ఈసారి ఆ మాట తడి అనే వినిపించింది. ఆయన బదులు చెప్పకముందే నాగేంద్ర ఆయన నడుము వైపు చూశాడు. పంచె ఇంకా చెమ్మగానే ఉంది. జీపు దిగేటప్పుడు సీటు మీద చూసిన తడి మచ్చ గుర్తొచ్చింది.

పద్మనాభయ్య ఉత్తరీయం తీసేశాడు. మానినట్టే మాని తిరగబెట్టిన తామర నడుం నుంచి పక్కటెముకల దాకా పెద్ద పెద్ద గుండ్రాలుగా పాకింది. నడుమ్మీద చర్మం పలచబడి, ఎర్రటి చారలు పడి, గీరితే చిరిగేట్టుంది. జనంలో ఎవరో “అయ్యో” అన్నారు.

“నేనే కలిపాను” అన్నాడు, గొంతు లోపలే.

“ఏందీ? ఇనపళ్ల” అన్నాడు నాగేంద్ర.

మంత్రపుష్పం చదివే గొంతుతో, సందు చివరిదాకా వినిపించేలా చెప్పాడు. “ట్యూబు మందు పులివెందులలో కొన్నాను. ఈ డబ్బాలో నా చేత్తో కలిపాను. ఆకుమందని చెప్పి నా చేత్తోనే మీ నాయనకిచ్చాను. రెండుసార్లు. ఈమెకు ఏమీ తెలీదు. తడిగుడ్డ కట్టొద్దని ఈమె మొదటిరోజే చెప్పింది. నేను మడి అని విని కోప్పడ్డాను. తడి అని మళ్లీ చెప్పింది. అప్పుడు సరిగ్గానే విన్నాను. విని కూడా మానలేదు. మడి పోతుందని.”

నాగేంద్ర చెయ్యి పైకి లేచి, ఆ పుండ్ల ఒంటి మీద ఎక్కడ కొట్టాలో తెలియనట్టు గాల్లోనే ఆగింది.

హజరాబీ వినపడనట్టు ఒక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కోడలిని అడిగింది. “ఏమంటాండాడు?”

సాజిదా చెంప పట్టుకునే, అందరికీ వినపడేలా మొదటి నుంచీ మళ్లీ చెప్పింది.