ప్లైమౌత్‌కి పన్నెండు ఓల్టులు

టైము రెండున్నర. హవానాలో టాక్సీల తనిఖీ నాలుగింటికల్లా ముగిసిపోతుంది. హెడ్‌లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయని ఒడాలిస్ నడిపే ప్లైమౌత్ టాక్సీని ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. ఈసారి కూడా తప్పితే లైసెన్సు పోతుంది. పందొమ్మిది వందల యాభై ఒకటిలో తయారైన ఆ ముసలి కారు మీదే ఆమె ఇల్లు గడుస్తోంది.

అందుకే ఆరు ఓల్టుల పాత ఏర్పాటంతా పీకించి పన్నెండుకు మార్పిస్తోంది. చేస్తున్నది బాబాయి ఎవేలియో. డెబ్బై రెండేళ్ల మనిషి, రెండు కళ్లలోనూ శుక్లాలు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే. బల్బులన్నీ మార్చాడు. డైనమో దించి రష్యా కారు ఆల్టర్నేటర్ బిగించాడు. ఆ ఆల్టర్నేటర్ కోసం ఒడాలిస్ తన కుట్టుమిషను ఇచ్చేసింది. ఊరంతా గాలించినా అలాంటి ఆల్టర్నేటర్ ఇంకొకటి దొరకదు.

ఇక బ్యాటరీ ఒక్కటే మిగిలింది. పాత ప్లైమౌత్‌లలో బ్యాటరీ ప్లస్ తీగ కారు బాడీకి వెళుతుంది. ఆల్టర్నేటర్ వచ్చాక మైనస్ వెళ్లాలి. తారుమారైతే రెప్పపాటులో ఆల్టర్నేటర్ మాడి మసైపోతుంది. ఈ సంగతి పొద్దున ఒడాలిస్‌కు చెప్పింది ఎవేలియోనే.

చూపు ఆనదు కాబట్టి ఆయన వేళ్లతోనే పని కానిస్తాడు. బాడీ తీగ చివరి క్లాంపును బ్యాటరీ సన్న మొన మీద పెట్టాడు. అది వదులుగా ఊగింది.

"ఒదగడం లేదేమిటి దీని దుంపతెగ!"

బ్యాటరీని అటూ ఇటూ తడిమి గిర్రున తిప్పేశాడు. ఇప్పుడు క్లాంపు లావు మొన మీద చక్కగా కూర్చుంది. హాయిగా నిట్టూర్చి రెండో తీగ అందుకున్నాడు.

లావు మొన అంటే ప్లస్. ఒడాలిస్ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చెయ్యి తియ్యవే."

"బాబాయ్, బాడీకి ప్లస్ పెట్టావు."

"నిన్నగాక మొన్న స్టీరింగ్ పట్టావు, నాకు చెప్పొచ్చావా? నలభై ఏళ్లుగా ఇదే పని నాది!"

"తిట్టాలంటే తర్వాత తిట్టు. ముందు ఆ తీగ కింద పెట్టు."

"వదులుతావా, లేచి పొమ్మంటావా?"

ఆయన పోతే ఈ పూట ఇంకెవరూ రారు. అయినా ఆమె వదల్లేదు. తీగకూ మొనకూ మధ్య జానెడు దూరం కూడా లేదు.

"ఇదిగో, చూడు! అచ్చు కొలిచినట్టు సరిపోయింది. సరిపోయినాక తప్పెలా అవుతుందే?"

"క్లాంపు పాతది బాబాయ్. అది పాత పద్ధతికే సరిపోతుంది."

ఎవేలియో వేళ్లు లావు మొనను తడిమాయి, సన్నదాన్ని తడిమాయి, మళ్లీ లావుదాని దగ్గరకొచ్చి ఆగాయి. రెండో తీగ నెమ్మదిగా నేల మీద పెట్టాడు.

ఖాళీ టూత్‌పేస్టు గొట్టాన్ని చీల్చి, ఆ రేకును సన్న మొనకు చుట్టాడు. బాడీ క్లాంపును దాని మీద బిగించాడు. రెండో తీగ క్లాంపు నోరు సాగదీసి లావు మొనకు తగిలించాడు. ఒడాలిస్ తాళం తిప్పింది. ఇంజను ఒక్క ఉదుటున లేచింది. హెడ్‌లైట్ల వెలుగు పట్టపగలే ఎదుటి గోడ మీద పడింది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"బాబాయ్, వెలుగు చూశావా!"

ఎవేలియో అటు తిరగలేదు.

"పోయిన నెల మన వీధి నార్సిసో కారుకీ నేనే ఇలా పన్నెండుకు మార్చాను" అన్నాడు. "అప్పుడూ ఇలాగే చక్కగా ఒదిగింది. తీగ తగిలించగానే ఆల్టర్నేటర్ పొగలు కక్కింది. పనికిరాని సరుకు అంటగట్టించుకొచ్చావురా వెధవా అని వీధిలో నిలబెట్టి తిట్టాను. వాడు నోరెత్తలేదే."

నార్సిసో ఆ కారును ముక్కలుగా అమ్మేసుకున్నాడని ఆ వీధిలో అందరికీ తెలుసు.

"ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగింది ఒడాలిస్.

"మాతాన్సాస్ ఊళ్లో. వాళ్ల అన్న దగ్గర చెరుకు కొడుతున్నాడు."

ఎవేలియో చేతుల మసి కూడా తుడుచుకోకుండా కారెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు.

"తనిఖీ కానిచ్చి నన్నక్కడికి తీసుకుపో" అన్నాడు.